పర్సోఁ

ఆదివారం పొద్దున ఆరింటికి అమీర్‌పేట చౌరస్తా నుంచి పన్నెండు సైకిళ్ళు షికారు బయలుదేరేవి. పదమూడోది కూడా ఒకటి ఉండేది గాని, దాన్ని లెక్కపెట్టే అలవాటు ఎవరికీ లేదు.

హనుమత్ప్రసాద్ గారు ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. షుగరుందని తేలినప్పుడు డాక్టరు ఆయన్ని రోజూ నడవమన్నాడు. నడకకు సభ్యులుండరు, కార్యదర్శి ఉండడు, ఎవరికీ ఏమీ చెప్పే అవకాశం ఉండదు. అందుకని ఆయన సైకిల్ సంఘం పెట్టాడు. మెల్లగా తొక్కాలి, ముందువాళ్ళను దాటకూడదు, తొమ్మిదింటికి టీవీలో సీరియల్ మొదలయ్యేలోగా ఇళ్ళకు చేరాలి. సంఘానికి ఉన్న నియమాలు ఈ మూడే. మెడలో ఈల వేసుకుని ఆయన అందరికంటే ముందు తొక్కేవాడు.

పదమూడో సైకిలు ఖాదర్‌ది. మధురానగర్ మలుపులో రేకుల పంచ కింద అతని పంక్చర్ల దుకాణం. ఆదివారాలు దుకాణం మూసి, సంచిలో గాలిపంపు, పానాలు, సొల్యూషన్ ట్యూబు, రబ్బరు ముక్కలు, గరుకు కాగితం వేసుకుని సంఘం వెనకాల తొక్కేవాడు. ఎవరి సైకిలు ఎక్కడ ఆగినా బాగుచేసి తీసుకురావడం అతని పని. అలా ఏడాదిగా తొక్కుతున్నాడు. ఎవరి సీటు కిర్రుమంటుందో, ఎవరి చైను వదులో, ఎవరి మడమ పెడలుకు తగిలి టక్కుమంటుందో అతనికి తెలుసు. మొహాలు చూసి పేర్లు చెప్పమంటే తడబడేవాడేమో గాని, వీపులు చూపిస్తే పన్నెండు పేర్లూ తప్పకుండా చెప్పేవాడు.

ప్రతి మలుపులోనూ ముందు నుంచి హనుమత్ప్రసాద్ గారు మెడ తిప్పకుండా అరిచేవాడు.

"వెనకాల ఎవరున్నారు?"

"నేనున్న సార్," అనేవాడు ఖాదర్.

అంటే అందరూ వచ్చేసినట్టు లెక్క. వారమంతా అతనితో మాట్లాడేవాళ్ళు గాలి కొట్టమనో, బ్రేకులు చూడమనో అడిగేవాళ్ళే. అందుకని ఆ కేక కోసం అతను చెవులు రిక్కించుకుని ఉండేవాడు. ఆ సంగతి ఎవరికైనా చెబితే నవ్వుతారని అతనికీ తెలుసు.

ఆ ఆదివారం బేగంపేట విమానాశ్రయం గోడ పక్కన దుర్గాంబ గారి సైకిలుకు పంక్చరైంది. ఆమె ఆడపిల్లల బడిలో హిందీ టీచరు. చీర కుచ్చిళ్ళకు పిన్నులు పెట్టుకుని, లేడీస్ సైకిలు మీద నిటారుగా కూర్చుని తొక్కేది. హిందీ పరీక్షలు అన్నీ పాసైన మనిషి కావడంతో హైదరాబాదులో అందరూ మాట్లాడే హిందీ ఆమెకు తప్పుల తడకలా వినిపించేది. ఖాదర్‌తో మాత్రం ఓపిగ్గా, వ్యాకరణం చెడకుండా మాట్లాడేది. అతను సగం తెలుగులో, సగం తన ఉర్దూలో జవాబిచ్చేవాడు.

మిగతావాళ్ళు మెల్లగా ముందుకు సాగారు. ఖాదర్ సైకిలును తలకిందులుగా నిలబెట్టి, టైరు ఒక పక్క ఊడదీసి, లోపలి ట్యూబును బయటికి లాగి గాలి కొట్టాడు. చిల్లు చూడడానికి దుకాణంలో అయితే నీళ్ళ తొట్టి ఉంటుంది. రోడ్డు మీద లేదు కాబట్టి ట్యూబును చెంప దగ్గర పెట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పాడు. గాలి చల్లగా ఎక్కడ తగిలితే అక్కడ చిల్లు. కళ్ళు మూసుకుని వెతుకుతున్న అతన్ని చూస్తూ దుర్గాంబ గారు గోడకు ఆనుకుని నిలబడింది.

"మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు ఖాదర్ భాయ్?"

"నేనొక్కణ్ణే అమ్మా."

"పెళ్ళి చేసుకోలేదా?"

"అయ్యిండె అమ్మా. బతూల్ అని. గుజర్ గయీ."

చిల్లు దొరికింది. దాని మీద బొటనవేలు అదిమి పెట్టి, రెండో చేత్తో సంచిలో గరుకు కాగితం కోసం తడుముకుంటున్నాడు.

"అయ్యో," అంది ఆమె. "ఎప్పుడు?"

"పర్సోఁ."

దుర్గాంబ గారు గోడ మీంచి వీపు తీసి సరిగ్గా నిలబడింది. వేళ్ళ మీద లెక్క చూసుకుంది.

"అంటే శుక్రవారమా?"

ఖాదర్ చిల్లు చుట్టూ గీకుతున్న చెయ్యి ఆపి తలెత్తి చూశాడు. ఈమెకెలా తెలిసిందని ఆశ్చర్యపోయాడు.

"హా అమ్మా. జుమ్మానే. నమాజ్ టైముకు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. బతూల్ జుమ్మా రోజే పోయింది. ఖాదర్ సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా నోటితో ఊది, రబ్బరు ముక్క అంటించి, పానాతో నాలుగు దెబ్బలు వేశాడు. టైరు ఎక్కించి గాలి నింపి సైకిలు నిలబెట్టేసరికి దుర్గాంబ గారి కళ్ళలో నీళ్ళున్నాయి. ఎండ మొహాన కొడుతోంది కాబోలు అనుకుని అతను సైకిలు తిప్పి నీడలో పెట్టాడు.

పంజగుట్టలో ఇరానీ హోటల్ దగ్గర సంఘం ఆగి చాయ్ తాగడం మామూలు. లోపల పాలరాతి బల్లల చుట్టూ పన్నెండుగురు కూర్చునేవారు. ఖాదర్ బయట సైకిళ్ళ దగ్గర నిలబడితే అక్కడికే కప్పు వచ్చేది. సైకిళ్ళు ఎవరో ఒకరు చూసుకోవాలి గదా. ఇందులో అవమానం ఉందని వాళ్ళకూ తోచలేదు, అతనూ ఎన్నడూ పైకి అనలేదు. ఆ రోజు మాత్రం అతను గోడకు చేరగిలబడేలోపే హనుమత్ప్రసాద్ గారు గుమ్మం దాటి వచ్చాడు.

"ఖాదరూ, లోపలికి రావయ్యా."

"సైకిళ్ళు, సార్..."

"సైకిళ్ళు ఎక్కడికీ పోవు. రా."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. బల్ల చుట్టూ అందరూ కప్పుల్లోకి చూస్తున్నారు. బ్యాంకులో పనిచేసే కృష్ణమోహన్ ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి నవ్విస్తుండేవాడు, అతను కూడా తల వంచుకుని కూర్చున్నాడు. హనుమత్ప్రసాద్ గారు తన చేత్తో కప్పు ఖాదర్ ముందుకు జరిపాడు.

"రెండ్రోజులైనా కాలేదు. అప్పుడే పనిలోకి వచ్చేశావేంటయ్యా? ఒక్క మాట చెబితే మేం కాదంటామా?"

ఖాదర్‌కు మొదట ఏమీ అర్థం కాలేదు. దుర్గాంబ గారి ఎర్రబడ్డ కళ్ళు చూశాక అర్థమైంది. ఆమె పుస్తకంలో పర్సోఁ అంటే మొన్న. సరిగ్గా మొన్న, ఒక రోజు అటూ ఇటూ కాదు. ఖాదర్ పుట్టి పెరిగిన గల్లీల్లో మొన్న జరిగిందీ పర్సోఁయే, పోయిన రంజాన్‌కు జరిగిందీ పర్సోఁయే, చిన్నప్పుడు జరిగిందీ పర్సోఁయే. గడిచిపోయిన రోజులన్నిటికీ అక్కడ అదొక్కటే మాట. బతూల్ పోయి అయిదేళ్ళయింది.

చెప్పాలని నోరు తెరిచాడు. అదే క్షణంలో కృష్ణమోహన్ బిస్కెట్ల ప్లేటు అతని ముందుకు తోసి, భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచేశాడు. బరువైన చెయ్యేమీ కాదు. కాని ఖాదర్ భుజం మీద ఇంకో మనిషి చెయ్యి పడి ఎంత కాలమైందో అతనికే గుర్తు లేదు. నోట్లో మాట అక్కడే ఆగిపోయింది. బిస్కెట్టు చాయ్‌లో ముంచుకున్నాడు. అది మెత్తబడి విరిగి కప్పులో పడిపోయింది.

బల్ల చివర మార్కండేయులు కూర్చుని ఉన్నాడు. అతను సిరిసిల్ల నుంచి వచ్చి పంజగుట్టలో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. సంఘానికి తెల్లటోపీలు కుట్టి ఇచ్చి, ఆ చనువుతో సభ్యుడైనవాడు. మాటలు తక్కువ. ఖాదర్ వైపు ఒక్కసారి కళ్ళెత్తి చూసి, మళ్ళీ సాసర్లో చాయ్ ఊదుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఖాదర్‌ను వెనకాల ఉండనివ్వలేదు. "నువ్వు మధ్యలో రావయ్యా," అన్నాడు హనుమత్ప్రసాద్ గారు. ఆరుగురు ముందు, ఆరుగురు వెనక. పంజగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఖాదర్ మొదటిసారి తన వెనక బెల్లులు మోగడం విన్నాడు. కిర్రుమనే సీటు వెనక నుంచి వినిపించింది. టక్కుమనే పెడలు వెనక నుంచి వినిపించింది. కొత్తగా లేచిన మైత్రీవనం భవనం దగ్గర ఈల మోగింది గాని వెనకాల ఎవరున్నారని ఆ రోజు ఎవరూ అడగలేదు. అతనికి సంతోషంగా ఉంది. ఆ సంతోషానికి సిగ్గుగా కూడా ఉంది. వచ్చే మలుపులో చెప్పేద్దాం అనుకుంటూ మలుపులన్నీ దాటేశాడు.

సోమవారం బడికి వెళ్తూ దుర్గాంబ గారు దుకాణం ముందు సైకిలు దిగింది. హ్యాండిలుకు స్టీలు క్యారియరు వేలాడుతోంది.

"మూడు రోజులు మీ ఇళ్ళల్లో పొయ్యి వెలిగించరట కదా. మా బడిలో నౌకరు చెప్పాడు. నిన్ననే తేవలసింది. తెలియలేదు."

"అమ్మా, ఒక మాట చెప్పాలె..."

"ముందు తినండి. మాట్లాడకండి."

ఆమె వెళ్ళాక ఖాదర్ రేకుల కింద కూర్చుని క్యారియరు విప్పాడు. అన్నం, పప్పుచారు, బెండకాయ వేపుడు. బతూల్ పోయినప్పుడు పక్కింటి అన్వరీ తెచ్చిన ఖిచిడీ తప్ప ఆ ఇంట్లోకి ఎవరి వంటా రాలేదు. బెండకాయ వేపుడు తింటూ ఖాదర్ ఏడ్చాడు. ఏడుస్తూ ఎంగిలి చేత్తోనే కళ్ళు తుడుచుకుంటే కారం మండింది. గాలి కొట్టించుకోవడానికి వచ్చినతను అది చూసి పంపు తనే అందుకుని కొట్టుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారం సాయంత్రం బ్యాంకు వదిలాక కృష్ణమోహన్ వచ్చి పానాల పెట్టె మీద కూర్చున్నాడు. వంకర తిరిగిన చక్రాన్ని ఖాదర్ స్టాండు మీద తిప్పుతూ, ఒక పుల్ల బిగించి ఇంకో పుల్ల వదులు చేస్తూ సరిచేస్తుంటే చూస్తూ ఉన్నాడు. చాలాసేపటికి, వాళ్ళమ్మ పోయినప్పుడు తను ఏలూరులో పరీక్ష రాస్తున్నానని, చివరిచూపు దక్కలేదని చెప్పాడు. ఆ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదన్నాడు. ఖాదర్ చక్రం ఆపేశాడు. ఇప్పుడు ఈ కుర్రాడికి తనేం చెప్పాలి? నా భార్య పోయి అయిదేళ్ళయింది, నువ్వు పొరపాటున నీ తల్లి సంగతి చెప్పుకున్నావు అనాలా? మళ్ళీ చక్రం తిప్పాడు.

బుధవారం హనుమత్ప్రసాద్ గారు స్వయంగా వచ్చాడు.

"వచ్చే ఆదివారం షికారు మీ ఇంటికేనయ్యా. అందరం అనుకున్నాం. పదో రోజవుతుంది కదా. పలకరించకపోతే బాగోదు."

"వద్దు సార్. గల్లీ చిన్నది. మీరు ఇబ్బంది పడ్తరు."

"ఇబ్బందేంటయ్యా. నువ్వు మాలోవాడివి కాదూ?"

నువ్వు మాలోవాడివి. ఆ మాట అతని వెంట ఇంటిదాకా వచ్చింది. పొయ్యి మీద చాయ్ పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఆలోచించాడు. చెబితే ఆ కుర్చీ పోతుంది, భుజం మీది చెయ్యి పోతుంది, క్యారియరు పోతుంది. చెప్పకపోతే బతూల్‌ను ఇంకోసారి చంపినట్టవుతుంది. ఆమె పేరు అడ్డం పెట్టుకుని నాలుగు రోజులుగా కూడూ ఓదార్పూ తింటున్నాడు తను. అయిదేళ్ళలో ఆమె ముందు ఇంత తలవంపుగా ఎప్పుడూ అనిపించలేదు. చాయ్ పొంగి పొయ్యిలో పడింది.

శనివారం ఉండబట్టలేక మార్కండేయులు కొట్టుకు వెళ్ళాడు. మార్కండేయులు మెడలో టేపు వేసుకుని, ప్యాంటు పక్కకుట్టు వేస్తున్నాడు. కింద కాళ్ళు మిషను తొక్కుతున్నాయి. చూస్తూ నిలబడితే ఇద్దరం తొక్కి బతికేవాళ్ళమే అనిపించింది ఖాదర్‌కు.

"మార్కండన్నా. రేపు మా ఇంటికి రావద్దని జర సార్‌కు చెప్తవా?"

"ఎందుకు?"

ఖాదర్ నేల చూశాడు. నేల మీద కత్తిరించిన గుడ్డ పేలికలు పడి ఉన్నాయి.

మార్కండేయులు దారం పంటితో తెంపి, కుట్టు వేలితో నొక్కి చూసుకున్నాడు.

"వచ్చెటోళ్ళను రానీ భాయ్. వద్దనకు," అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

ఆదివారం పొద్దున్నే ఖాదర్ ఇల్లు ఊడ్చాడు. ఇంటి ముందు గల్లీ కూడా ఊడ్చాడు. ఉన్న ఒక్క జంపఖానా దులిపి లోపల పరిచాడు. పక్కింటి అన్వరీ నీళ్ళు పట్టుకుంటూ చూసింది.

"ఎవరొస్తున్నరు భాయ్? గింత సఫాయి చేస్తున్నవు?"

"గిరాకీలు."

"ఇంటికా?" అంది ఆమె. బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు.

గల్లీ మొదట్లో బెల్లులు మోగాయి. పన్నెండు సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి, కోళ్ళను తప్పించుకుంటూ, మురికినీళ్ళ మోరీ పక్కనే మెల్లగా వచ్చాయి. జనం తలుపుల్లోకి వచ్చి చూస్తున్నారు. సైకిళ్ళన్నీ గోడ పొడుగునా ఆనించారు. దుర్గాంబ గారి చేతిలో పళ్ళ సంచి ఉంది. హనుమత్ప్రసాద్ గారి చేతిలో బంతిపూల దండ ఉంది.

"ఫొటో ఎక్కడయ్యా?"

"ఫొటో లేదు సార్. తీయించలే."

"వాళ్ళల్లో దండలు వెయ్యరండీ," అని దుర్గాంబ గారు చిన్నగా మందలించింది. దండ ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన అటూ ఇటూ చూసి చేత్తోనే పట్టుకున్నాడు. లోపల అందరూ పట్టరని గల్లీలోనే నిలబడ్డారు. ఆఫీసులో ఎవరు పోయినా చేసే పనే ఇక్కడా చేద్దామనుకున్నాడు కాబోలు, ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మన ఖాదర్ సతీమణి గారి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

పన్నెండుగురూ టోపీలు తీసి తలలు వంచారు. ఏం జరుగుతోందో తెలియకపోయినా గల్లీలో వాళ్ళు కూడా నిలబడిపోయారు. అన్వరీ నల్లా కట్టేసింది. ఎవరో రేడియో తగ్గించారు. ఖాదర్‌కు ఇప్పుడే చెప్పెయ్యాలనిపించింది. కాని బతూల్ పేరు మీద ఇంత మంది తలలు వంచడం అతను ఎన్నడూ చూడలేదు. ఆ రెండు నిమిషాలూ ఆమెవి. మధ్యలో లాక్కోవడానికి మనసొప్పలేదు. హనుమత్ప్రసాద్ గారు గడియారం చూసుకుని తల ఎత్తేదాకా ఆగాడు.

"సార్. మాఫ్ చెయ్యున్రి," అన్నాడు. "బతూల్ జుమ్మా నాడే పోయింది. గని పోయిన జుమ్మా కాదు. అయిదేండ్లాయె."



"అయిదేళ్ళా?" అన్నాడు హనుమత్ప్రసాద్ గారు.

"హా సార్. అమ్మ అడిగితే పర్సోఁ అన్న. అమ్మ మొన్న అనుకున్నది. హోటల్ల నాకు సమజైంది. గప్పుడే చెప్పాలె. చెప్పలే. తప్పు నాది."

దుర్గాంబ గారి మొహం ఎర్రబడింది. "పర్సోఁ అంటే మొన్నే కదా," అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

"మా దగ్గర మొన్న సుత పర్సోఁనే, పదేండ్ల కింద సుత పర్సోఁనే అమ్మా," అన్నాడు మార్కండేయులు వెనక నుంచి. "నాకు ఆ దినమే తెలిసింది."

"తెలిసి చెప్పలేదేంటండీ?" హనుమత్ప్రసాద్ గారి గొంతులో కోపం వచ్చింది. ఖాదర్ మీద చూపించలేని కోపం దర్జీ మీద తేలిగ్గా వచ్చింది.

"చెప్తే మీరు రాకపోదురు సార్."

 ఖాదర్ చేతులు కట్టుకుని నిలబడి, అడగకపోయినా చెప్పాడు.

"ఆమె పోయిన దినం పాత ఊళ్ళె కర్ఫ్యూ ఉండె సార్. ఆమె అన్నలు, నా అన్నలు అందరు శాలిబండల్నే. ఒక్కలు సుత రాలేకపోయిన్రు. జనాజ ఎత్తెతందుకు నలుగురు కావాలె. నేను, అన్వరీ మొగడు, మసీదుల అజా ఇచ్చే మౌజన్ సాబు, ముగ్గురమే ఉన్నం. రోడ్డు మీద పోయే హమాలీ ఎవరో వచ్చి భుజం పట్టిండు. ఆయన పేరు సుత అడగలే. తరువాత కర్ఫ్యూ తీసిన్రు గని, పలకరించే దినాలు దాటిపోయినయి. మీరు వస్తమంటె వద్దనబుద్ధి కాలే."

 కృష్ణమోహన్ మోరీ వైపు చూస్తున్నాడు. ఖాదర్ అతని కళ్ళలోకి చూడడానికి ప్రయత్నించాడు గాని అతను చూడలేదు.

"సరే సరే. పొరపాట్లు జరుగుతుంటాయి," అన్నాడు హనుమత్ప్రసాద్ గారు. గడియారం మళ్ళీ చూసుకున్నాడు. "టైమైంది. పదండి."

పూలదండ ఏం చెయ్యాలో తెలియక తలుపు పక్కన మేకుకు తగిలించాడు. దుర్గాంబ గారు పళ్ళ సంచి గడప మీద పెట్టింది. పన్నెండు సైకిళ్ళూ ఇరుకు గల్లీలో తిరగలేక ఒకదానికొకటి తగులుకుని, ఎలాగో తిరిగి, వచ్చినంత మెల్లగానే వెళ్ళిపోయాయి. వెనకాల ఎవరున్నారని గల్లీ మలుపులో ఎవరూ అడగలేదు. ఖాదర్ గడప మీద కూర్చుని బెల్లులు వినపడనంత దూరం పోయేదాకా విన్నాడు. అన్వరీ వచ్చి పక్కన నిలబడింది.

"బతూల్ ఆపా కోసం వచ్చిన్రా వాళ్ళు?"

"హా."

"మంచిగైంది," అంది. పళ్ళ సంచి లోపల పెట్టి, ఆమె తన పని చూసుకుంది.

ఆ వారం దుకాణానికి క్యారియరు రాలేదు. పానాల పెట్టె మీద ఎవరూ కూర్చోలేదు. దండ మేకుకే ఎండిపోయింది. ఖాదర్ దాన్ని తియ్యలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. వాళ్ళు తనను పిలుస్తారో, ఇంకో మనిషిని పెట్టుకున్నారో తెలియకుండానే సంచి సర్దుకుని, ఆరు కాకముందే చౌరస్తాలో నిలబడ్డాడు. వద్దంటే ఒక్కడే తిరిగి ఇంటికి పోవాలి. అక్కడిదాకా ఆలోచించుకునే వచ్చాడు. సైకిళ్ళు ఒక్కొక్కటే వచ్చాయి.  హనుమత్ప్రసాద్ గారు పన్నెండు లెక్కపెట్టి ఈల ఊదాడు. దుర్గాంబ గారు వెనక చక్రంలో గాలి చూడమని అడిగింది, తెలుగులో అడిగింది. ఆ రోజంతా ఆమె హిందీ మాట్లాడలేదు.

పంజగుట్టలో హోటల్ ముందు ఖాదర్ ఎవరూ చెప్పకుండానే సైకిళ్ళ దగ్గర ఆగిపోయాడు. అద్దంలోంచి చూస్తే అతను ఆ వేళ కూర్చున్న కుర్చీలో ఎవరిదో సంచి ఉంది. కృష్ణమోహన్ ఏదో చెబుతున్నాడు, అందరూ నవ్వుతున్నారు. ఖాదర్ తల తిప్పుకుని, వరసగా టైర్లు నొక్కి చూడడం మొదలుపెట్టాడు.

తలుపు తోసుకుని మార్కండేయులు బయటికి వచ్చాడు. రెండు చేతుల్లో రెండు కప్పులున్నాయి. ఒకటి ఖాదర్‌కు ఇచ్చి, పక్కన గోడకు ఆనుకున్నాడు. కొంతసేపు ఇద్దరూ చాయ్ తాగారు.

"ఎట్లుంటుండె ఆమె?" అన్నాడు మార్కండేయులు.

ఖాదర్ దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. ఏ రోగం, ఏ దవాఖాన, ఎంత సేపటికి ప్రాణం పోయింది. ఆ అయిదేళ్ళూ ఎవరైనా అడిగితే చెబుదామని అట్టిపెట్టుకున్నవి అవే. ఈ మాట ఎవరూ అడగలేదు. కప్పు రెండు చేతులతో పట్టుకుని ఆలోచించాడు.

"సైకిల్ తొక్కేది," అన్నాడు.

"ఆమెనా?"

"తెల్లారకముందు. గల్లీల ఎవరు లేవకముందు. బురఖా పక్కకు ముడేసి, నా సైకిల్ మీదనే, కైంచీ. సీటెక్కకుండ బారు కిందికెళ్ళి కాలు పెట్టి చిన్నపోరగాళ్ళు తొక్కుతరు చూడు, గట్ల. సీటెక్కమంటె నవ్వేది, ఎక్కకపోయేది. నేను వెనక క్యారియర్ పట్టుకొని ఉరికేటోణ్ణి. మొకం తిప్పకుండ అడుగుతుండె, వెనకాల ఉన్నవా అని. ఉన్న అంటుంటి."

మార్కండేయులు కప్పు పక్కన పెట్టాడు.

"ఒక దినం చెయ్యి ఇడిచిన. చెప్పలే. ఒక్కతే గల్లీ చివరిదాక పోయింది అన్నా. అక్కడికి పోయి తిరిగి చూసింది. నేను మా ఇంటి కాడనే నిలబడి ఉన్న."

"ఎప్పటి మాట?"

"పర్సోఁ," అన్నాడు ఖాదర్.

మార్కండేయులు తల ఊపాడు. 

లోపల కుర్చీలు జరిగాయి, ఈల మోగింది. ఎవరి సైకిళ్ళు వాళ్ళు తీసుకున్నారు. మార్కండేయులు వరసలో తన చోటికి, అయిదోవాడిగా వెళ్ళిపోయాడు. ఖాదర్ సంచి భుజానికి తగిలించుకుని అందరూ కదిలేదాకా ఆగి, చివరన ఎక్కాడు. పన్నెండు వీపులు ఎండలో మెల్లగా సాగుతున్నాయి. అమీర్‌పేట వైపు మలుపులో ముందు నుంచి కేక వినిపించింది. హనుమత్ప్రసాద్ గారు ఎప్పటిలాగే మొహం తిప్పకుండా అడిగాడు.

"వెనకాల ఎవరున్నారు?"

"ఉన్న," అన్నాడు ఖాదర్.